సూరిగాడికి, నవంబరు ఐదు మంట గురించి

లీడ్స్,
అక్టోబరు 27

ఒరేయ్ సూరీ,

తిట్టుకో. ఎంత తిట్టినా పడతాను. నీ ఉత్తరం ఎండాకాలంలో వచ్చింది, ఇక్కడ చెట్లన్నీ ఆకులు రాల్చేశాక జవాబు రాస్తున్నాను. కారణాలు చెప్తే నువ్వు నమ్మవు, నాకే నమ్మబుద్ధి కావడం లేదు. పిన్నిగారి కంటి ఆపరేషన్ బాగా అయిందని అమ్మ ఫోన్లో చెప్పింది, ప్రాణం కుదుటపడింది. ఇక్కడ అందరం కులాసా. పిల్లది బడికెళ్తోంది, ఉద్యోగం ఉంది, చలి మొదలైంది. అయిపోయాయి కబుర్లు. ఇక అసలు సంగతికి వస్తాను, అది చెప్పేదాకా నాకు కడుపుబ్బరం తీరదు.

నీ స్పోకెన్ ఇంగ్లీషు క్లాసులో ఒకమ్మాయి లేచి "సార్, గైస్ అంటే మగాళ్ళు కదా, మమ్మల్ని కూడా హాయ్ గైస్ అంటారేంటి" అని అడిగిందనీ, నువ్వు "అది స్టైలమ్మా, కూర్చో" అన్నావనీ రాశావు. బెల్లం మాస్టారి శిష్యుడివని నిరూపించుకున్నావు. ఆ పిల్ల ప్రశ్నకి జవాబుందిరా. అలాంటిలాంటి జవాబు కాదు. పొద్దున్నే హైదరాబాదు ఆఫీసుల్లో మీటింగు మొదలవగానే నోట్లోంచి వచ్చే ఆ ముక్క ఒక మనిషి పేరు. ఇంగ్లండు పార్లమెంటు కింద మందుగుండు పేర్చి, అంటించబోయే ముందు దొరికిపోయినవాడి పేరు. గై ఫాక్స్. నిరసనల్లో కుర్రాళ్ళు పెట్టుకుంటారు చూడు, మీసాల నవ్వుముఖం మాస్కు, అది కూడా వాడిదే. ఇక్కడ ఏటా నవంబరు 5 రాత్రి ఊరూరా మంటలేసి కాల్చేది వాడి బొమ్మనే.

మొదట్నుంచీ చెప్తాను, మధ్యలో లేచి వెళ్ళకు.

1603లో ఎలిజబెత్ రాణి పోయింది. పిల్లల్లేరు. స్కాట్లండు రాజు జేమ్స్ వచ్చి ఇంగ్లండుకి కూడా రాజయ్యాడు. అప్పటికి కాథలిక్కుల, అంటే పోపుని పెద్దగా ఒప్పుకునే క్రైస్తవుల, బతుకు ఎలా ఉందంటే, ప్రభుత్వంవారి ప్రొటెస్టెంట్ చర్చికి వెళ్ళకపోతే జరిమానా. 1581 చట్టం ప్రకారం నెలకి 20 పౌన్లు. ఆ రోజుల్లో కూలివాడికి కాదు, భూములున్నవాడికి కూడా అది నడ్డి విరిగే సొమ్ము. కొత్త రాజు తల్లి కాథలిక్కు కదా, కాస్త కనికరిస్తాడని ఎదురుచూశారు. కనికరించలేదు. 1604 మే 20న లండన్లో స్ట్రాండ్ వీధిలో డక్ అండ్ డ్రేక్ అనే సత్రంలో ఐదుగురు కలిశారు. సభ మొదలయ్యే రోజున రాజుతో సహా పార్లమెంటుని పేల్చెయ్యాలన్న పథకం రాబర్ట్ కేట్స్‌బీది. గమనించావా, నాయకుడు గై కాదు! చివరికి ముఠా 13 మంది అయింది. అందులో గై పని మందుగుండు చూసుకోవడం. యార్కులో పుట్టాడు, స్పెయిన్ సైన్యంలో చాలా ఏళ్ళు పనిచేశాడు, అక్కడే తన పేరుని గీడో అని మార్చుకున్నాడు. మందు పని తెలుసు, పైగా లండన్లో వాడి ముఖం ఎవరికీ తెలీదు. అందుకని పిలిచారు.

ముఠాలో ఒకడు, థామస్ పెర్సీ, ప్రభువుల సభకి సరిగ్గా కిందున్న గదిని అద్దెకి తీసుకున్నాడు. అద్దెకిరా బాబూ! పార్లమెంటు కింది గది ఎవడికి పడితే వాడికి అద్దెకిచ్చే రోజులు. గై, జాన్ జాన్సన్ అని దొంగపేరు పెట్టుకుని, పెర్సీ నౌకరులా కాపలా ఉన్నాడు. 36 పీపాల మందు చేర్చి, పైన కట్టెలూ బొగ్గులూ కప్పారు. సభ 1605 ఫిబ్రవరిలో మొదలవ్వాలి. ప్లేగు భయంతో అక్టోబరుకి జరిపారు, మళ్ళీ నవంబరు 5కి జరిపారు. అంటే ఇవాళ ఊరూరా మంటలేసే ఆ తేదీని నిర్ణయించింది వీళ్ళు కాదు, ప్లేగు. ఇది చదివాక నాకు కాసేపు ఇంకో పని తోచలేదు.

అక్టోబరు 26న మాంటీగిల్ అనే ప్రభువుకి ఒక ఆకాశరామన్న ఉత్తరం వచ్చింది: ఆ రోజు సభకి రావద్దు, ఏదో ఒక సాకు చెప్పి తప్పించుకో, అని. రాసిందెవరో ఇవాళ్టికీ తేలలేదు. (మన హాస్టల్ ఆకాశరామన్న సంగతి మాత్రం నాకు తెలుసు, నీకూ తెలుసు, ఇంకెవరికీ చెప్పను.) ఆయన దాన్ని నేరుగా మంత్రులకి అందించాడు. నవంబరు 4న సోదాకి వెళ్తే కట్టెల గుట్టా, పక్కన నౌకరూ కనబడ్డారు. ఎప్పుడో గానీ ఈ ఊళ్ళో ఉండని పెర్సీకి ఇన్ని కట్టెలెందుకని అనుమానం వచ్చింది. అర్ధరాత్రి వేళ థామస్ నైవెట్ మనుషులతో మళ్ళీ వెళ్ళాడు. ఈసారి గై బూట్లు వేసుకుని ప్రయాణానికి తయారుగా ఉన్నాడు. ఒంటి మీద నిదానంగా కాలే వత్తి దొరికింది. చేతి లాంతరు ఆక్స్‌ఫర్డులో ఆష్మోలియన్ మ్యూజియంలో ఉంది, ఎవరైనా వెళ్ళి చూడొచ్చు.

ఆ తర్వాత జరిగింది చెప్పడానికి చెయ్యి రావడం లేదు. రాజు స్వయంగా చిత్రహింసకి ఉత్తర్వు రాసిచ్చాడు, మొదట మెల్లగా మొదలుపెట్టి పెంచుకుంటూ పోమని. వాంగ్మూలాల మీద వాడి సంతకాలు లండన్లో క్యూ అనే చోట నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. హింస తర్వాత పెట్టిన దాంట్లో గీడో అన్న అక్షరాలు కూడా సరిగ్గా కుదరవు. గీత వణికి, జారి, మధ్యలో ఆగిపోతుంది. మంచివాడని అనడం లేదురా. అంటుకుని ఉంటే ఎన్ని వందలమంది పోయేవారో. అయినా ఆ గీత చూశాక, ఊరంతా చేరి వాడి బొమ్మ తగలబెట్టి చప్పట్లు కొట్టడం...

సరే, వదిలేయ్. కేట్స్‌బీ కథ విను, ఇది నీకు నచ్చుతుంది. మిగతా ముఠా గుర్రాల మీద పారిపోయి స్టాఫర్డ్‌షైర్లో హోల్బీచ్ హౌస్ అనే ఇంట్లో దూరారు. దారిలో వానకి మందు తడిసింది. ఆరబెట్టాలి కదా? తీసుకెళ్ళి పొయ్యి ముందు పరిచారు! మండుతున్న పొయ్యి ముందు, మందుగుండు! నిప్పురవ్వ ఎగిరి పడి భగ్గుమంది, కొందరు కాలిపోయారు. రాజుని పేల్చడానికి బయల్దేరినవాళ్ళు తమని తామే పేల్చుకున్నారు. మర్నాడు, నవంబరు 8న, సర్కారు మనుషులు చుట్టుముట్టి తుపాకీతో కేట్స్‌బీని కాల్చేశారు. బెల్లం మాస్టారి కెమిస్ట్రీ ల్యాబూ, ఆ శుక్రవారమూ గుర్తొచ్చాయా లేదా?

మిగిలినవాళ్ళలో ఎనిమిదిమందిని 1606 జనవరి 30, 31 తేదీల్లో చంపారు. ఉరితీసి, ప్రాణం పోకముందే దించి, ముక్కలు చెయ్యడం అప్పటి శిక్ష. గై రెండో రోజు, ఆఖరున. మెడ విరిగి అక్కడికక్కడే పోయాడు, మిగతా నరకం తప్పించుకున్నాడు.

ఇక పండగ. కుట్ర బయటపడిన రోజునే, రాజు బతికాడన్న సంతోషంతో లండన్ జనం వీధుల్లో మంటలేశారు. ఆ జనవరిలోనే చట్టం చేశారు: ఏటా నవంబరు 5న చర్చిల్లో కృతజ్ఞతా ప్రార్థన జరగాలి, జనం వెళ్ళాలి. ఆ చట్టం 1859 దాకా ఉంది. రెండున్నర శతాబ్దాలు సర్కారు హుకుం మీద నడిచిన పండగ. హుకుం పోయాక కూడా ఆగలేదు చూడు, అదీ గమ్మత్తు. మంట మీద కాల్చే బొమ్మ మాత్రం మొదట గైది కాదు, ఎక్కువగా పోపుది, దెయ్యానిది. పద్ధెనిమిదో శతాబ్దం చివరికి వచ్చేసరికి గై బొమ్మ ఆ చోటు పట్టేసింది. పిల్లలు పాతబట్టల బొమ్మ చేసి, తోపుడు బండిలోనో చంటిపిల్లల బండిలోనో కూర్చోబెట్టి, "గైకి ఒక పెన్నీ" అని వీధుల్లో అడుక్కునేవారు. వచ్చిన చిల్లరతో టపాకాయలు. ఇప్పుడు పద్ధెనిమిదేళ్ళు నిండనివాళ్ళకి టపాకాయలు అమ్మకూడదు కాబట్టి ఆ అడుక్కోవడం దాదాపు పోయింది. చిల్లరా, చాక్లెట్లూ అన్నీ హాలోవీన్ లాగేసుకుంది.

మన వైపు నరక చతుర్దశికి తెల్లారుజామున గడ్డితో నరకాసురుడి బొమ్మ చేసి, పొట్టలో టపాకాయలు కుక్కి తగలబెట్టడం నీకు తెలుసుగా, మీ మావయ్యగారి వీధిలో ప్రతి ఏడూ ఉండేది. తేడా ఏమిటంటే, ఇక్కడివాడికి పుట్టిన ఊరుంది, చదివిన బడి ఉంది. యార్కులో సెయింట్ పీటర్స్ స్కూలు ఇంకా నడుస్తోంది. వాళ్ళు మాత్రం మంటలో గైని కాల్చరు, మా పూర్వ విద్యార్థి కదా అంటారు!

మాట ఎలా మారిందో చూడు. ముందు గై అంటే ఆ బొమ్మ. 1800 దాటాక పుస్తకాల్లో ఆ అర్థం కనిపిస్తుంది. బొమ్మకి ఏం తొడుగుతారు? చిరిగిన కోటు, సరిపోని టోపీ, గడ్డి బయటికొచ్చే చేతులు. కనుక 1830లకి, వింతగా చింపిరిగా తయారైన మనిషిని "గైలా ఉన్నాడు" అనడం మొదలెట్టారు. అది తిట్టు. ఎవరినైనా ఎగతాళి చెయ్యడాన్ని కూడా అదే మాటతో అనేవారు. తర్వాత అమెరికా చేరాక ఎగతాళి రాలిపోయి, ఊరికే "మనిషి, వాడు, కుర్రాడు" అయింది. అమెరికాలో ఆ పండగే లేకుండా పోయింది! బోస్టన్లో ఒకప్పుడు నవంబరు 5ని పోప్ డే అని గొప్పగా చేసేవారు. 1775లో జార్జ్ వాషింగ్టన్ తన సైన్యానికి ఉత్తర్వు వేశాడు: పోపు బొమ్మ తగలబెట్టే ఆ పిచ్చి పని చెయ్యకండి, కెనడా కాథలిక్కుల సాయం మనకి కావాలి, అని. పండగ అక్కడ సన్నగిల్లింది. బొమ్మ ఎదురుగా లేదు కాబట్టే మాటకి మచ్చ పోయిందని నా అనుమానం. అది అనుమానమే, క్లాసులో చెప్పకు.

ఆ అమ్మాయికి చెప్పాల్సింది ఇది. ఒకడిని పట్టుకుని "గై" అంటే మగాడే. ఎదుటనున్న గుంపుని "గైస్" అని పిలిస్తే ఆడా మగా అందరూ. అక్కడ లేనివాళ్ళ గురించి "ఆ గైస్" అంటే వినేవాడు మళ్ళీ మగాళ్ళనే అనుకుంటాడు. పిలుపుకీ ప్రస్తావనకీ ఉన్న తేడా అది. పిలుపు నచ్చని ఆడవాళ్ళు ఇక్కడా ఉన్నారు. అందుకని ఇంటర్వ్యూలోనూ, పెద్దల ఎదుటా, ఈమెయిల్ మొదట్లోనూ వాడొద్దను. "ఎవ్రీవన్" అంటే ఎవరికీ నొప్పి ఉండదు.

బొమ్మ నిజంగా చెయ్యాలనుకుంటే, నీ క్లాసు పిల్లలకి భలే పని, ఇలా చెయ్యి. పాత నూలు చొక్కా, నూలు ప్యాంటు. నైలాను, పాలియెస్టరు వద్దు, అవి కాలుతూ కరిగి బొట్లు బొట్లుగా కారతాయి, నల్లపొగ. ప్యాంటు కాళ్ళ చివరలూ, చొక్కా చేతుల చివరలూ జనపనార తాడుతో బిగించి కట్టు. లోపల నలిపిన న్యూస్‌పేపరు వదులుగా నింపు. అందరూ చేసే తప్పు ఇక్కడే, గట్టిగా కుక్కుతారు. కుక్కితే గాలి ఆడదు, పై గుడ్డ కాలిపోయి లోపలి కాగితం నల్లబడి పొగ కక్కుతూ ఉంటుంది. చొక్కాని ప్యాంటుకి దారంతో కుట్టు. పిన్నీసులు పెడితే మర్నాడు బూడిదలో ఎవరి కాలికో గుచ్చుకుంటాయి. తలకాయకి పాత దిండు గలీబు, మెడ దగ్గర బిగించి ముఖం బొగ్గుతో గియ్యి. వెనక నిలువుగా ఒక కర్ర, భుజాల దగ్గర అడ్డంగా ఇంకోటి కట్టకపోతే మంట మీద కూర్చోబెట్టగానే మన తిరపతిగాడు ఫస్టుబెంచీలో ఒరిగినట్టు ఒరిగిపోతుంది.

మంటకి కూడా పద్ధతుంది. ఇళ్ళకీ, చెట్లకీ, కంచెలకీ కనీసం 18 మీటర్ల దూరం. కట్టెలు ముందు రోజుల్లోనే పేర్చిపెడితే హెడ్జ్‌హాగ్‌లు, అంటే ఒంటినిండా ముళ్ళుండే చిన్న జంతువులు, వెచ్చగా ఉందని లోపల దూరి పడుకుంటాయి, ఇక్కడ తోటల్లో అవి మామూలే. అందుకని ఆ రోజే పేర్చాలి, లేకపోతే పేర్చిన గుట్టని ఆ రోజు పక్కకి మార్చాలి. వెలిగించే ముందు టార్చితో కింద వెతికి, ఒక్క పక్కనుంచే అంటించాలి, ఏదైనా ప్రాణి మిగిలుంటే రెండో పక్కనుంచి పారిపోడానికి. పెట్రోలు పోస్తే ఆవిరి అంటుకుని మనిషి ముఖానికే వస్తుంది. టైర్లు, సోఫా స్పాంజీ, స్ప్రే డబ్బాలు అసలు వెయ్యకూడదు. కాకరపువ్వొత్తులు కాల్చేవాళ్ళు పక్కన బకెట్టుతో నీళ్ళు పెట్టుకుంటారు. ఆరిపోయినట్టు కనబడ్డా ఆ తీగ చాలాసేపు చర్మం ఊడేంత వేడిగా ఉంటుంది. మనం గుమ్మం పక్కన పారేసి దాని మీదే అడుగేసేవాళ్ళం, ఆలోచిస్తే ఒళ్ళు జలదరిస్తోంది.

తిండి సంగతి! మా యార్క్‌షైర్ వైపు ఆ రాత్రి పార్కిన్ తినాలి. ఓట్సు పిండీ, అల్లం పొడీ, ట్రీకిల్ అనే నల్లటి చెరకు పాకమూ కలిపి చేసే కేకు. సుమారుగా 200 గ్రాముల మైదా, ఒకటిన్నర చెంచా బేకింగ్ పౌడరు, 150 గ్రాముల ఓట్సు రవ్వ, రెండు చెంచాల శొంఠిపొడి. 120 గ్రాముల వెన్న, 200 గ్రాముల పాకం, 80 గ్రాముల పంచదార కలిపి సన్నసెగ మీద కరగనిచ్చి, మరగనివ్వకుండా దించి, పిండిలో పోసి, ఒక గుడ్డూ, నాలుగు పెద్దచెంచాల పాలూ కలిపి, 160 డిగ్రీల ఓవెన్లో ముప్పావు గంటపైన. సెగ పెంచితే పాకం వల్ల అంచులు మాడతాయి, మధ్యలో తలుపు తీస్తే నడుం కుంగుతుంది. రేకుల్లాంటి ఓట్సు వద్దు, మిక్సీలో రవ్వలా పట్టు. అన్నిటికన్నా ముఖ్యం, ఆ రోజు తినకూడదు! మొదటి రోజు పొడిపొడిగా గొంతు పట్టుకుంటుంది. కాగితం చుట్టి డబ్బాలో మూడు నాలుగు రోజులుంచితే పాకం తేమ పట్టి పై భాగం జిగురెక్కుతుంది. నవంబరు 1కే చేసేది అందుకే. ట్రీకిల్ నీకు దొరకదు, ముదురు నల్లబెల్లం పాకం పోసి చూడు, శొంఠి మాత్రం తగ్గించకు.

ఇంకో రెండు ముక్కలు, నీ క్లాసుకి పనికొస్తాయి. బాన్‌ఫైర్ అంటే ఇలాంటి పెద్ద మంట. అది ఫ్రెంచి మాట "బాన్" వల్ల మంచి మంట అని నీ వాట్సాప్ గ్రూపులో ఎవడో పెట్టాడన్నావు. డిక్షనరీ రాసిన శామ్యూల్ జాన్సనే ఆ పొరపాటు పడ్డాడు, వాడినేమనకు. అది బోన్ ఫైర్, ఎముకల మంట. పూర్వం వేసవి మధ్య పండగలకి పశువుల ఎముకలు పోగేసి కాల్చేవారు. "డ్యాంప్ స్క్విబ్" అంటారు చూడు, ఎంతో హడావుడి చేసి చివరికి తుస్సుమన్నదాన్ని. స్క్విబ్ అంటే చిన్న టపాకాయ. మందులో సురేకారం, గంధకం, బొగ్గు ఉంటాయి కదా, సురేకారం తేమకి కరిగిపోతుంది. మళ్ళీ ఎండబెట్టినా అది స్ఫటికాలై వేరుగా గడ్డకడుతుంది, ముందున్న కలయిక రాదు. తడిసిన టపాకాయని ఎండలో పెట్టి ఆశపడేవాళ్ళందరికీ చెప్పు. పొయ్యి ముందు పెట్టేవాళ్ళకి ఎలాగూ చెప్పక్కర్లేదు. "ఫ్లాష్ ఇన్ ద పాన్" కూడా మందు కుటుంబమే. పాతకాలం తుపాకీకి పక్కన చిన్న గిన్నె ఉంటుంది, అందులో మందు భగ్గుమన్నా ఆ నిప్పు గొట్టంలోకి చేరకపోతే వెలుగే గానీ గుండు రాదు. ఒక్క సినిమాతో మెరిసి మాయమైన హీరోల గురించి నువ్వే ఉదాహరణలు చెప్పుకో.

మన తెలుగువాళ్ళకి ఇక్కడ ఒక వెసులుబాటు, చెప్పకపోతే నిద్రపట్టదు. ఇంగ్లండులో రాత్రి 11 తర్వాత టపాకాయలు కాల్చకూడదు. నవంబరు 5న మాత్రం 12 దాకా. దీపావళికో? ఒంటిగంట దాకా! వాళ్ళ రాజుని కాపాడిన రాత్రికి లేని గంట, మన నరకాసురుడు చచ్చినందుకు ఇచ్చారు. దుకాణాల్లో అమ్మకం అక్టోబరు 15 నుంచి నవంబరు 10 దాకా, దీపావళి ఎక్కువగా అందులోనే పడుతుంది కాబట్టి కొనడానికీ ఇబ్బంది లేదు. పెరట్లో కాల్చే రకాలకి చూసేవాళ్ళు కనీసం 8 మీటర్ల దూరంలో ఉండాలి, పెద్ద రకాలకి 25. మా పెరడు పొడవు కొలిస్తే ఎనిమిదికే తడబడుతుంది, ఇక ఆ పెద్ద డబ్బాల వైపు చూడనక్కర్లేదు.

ఇన్నీ రాసి లూయిస్ ఊరి సంగతి చెప్పనేలేదు! ససెక్స్‌లో ఉంది. దేశం మొత్తానికీ పెద్ద మంటల రాత్రి అక్కడే, పేటకో సంఘం, కాగడాలతో ఊరేగింపు, పదిహేడు శిలువలు వెలిగించి మోస్తారు. ఎలిజబెత్‌కి ముందు ఏలిన కాథలిక్కు మేరీ రాణి కాలంలో ఆ ఊళ్ళో సజీవంగా కాల్చేసిన పదిహేడుమంది ప్రొటెస్టెంట్ల కోసం. అంటే గై కన్నా ముందటి పగ కూడా ఆ మంటలోనే... దీని మీద నాకు రెండు అభిప్రాయాలున్నాయి, రెండూ కొట్టుకుంటున్నాయి. డెవాన్లో ఆట్టరీ సెయింట్ మేరీ ఇంకా ఘోరం. పీపాలకి లోపల తారు పూసి, అంటించి, మంట ఎగుస్తుండగా భుజాల మీద ఎత్తుకుని జనం మధ్యలోంచి పరిగెడతారు. బండి కట్టరు, కర్ర పెట్టరు, భుజమే. చేతులకి గోనెగుడ్డతో చేసిన తొడుగులు. పీపా అడుగు ఊడిపోయేదాకా ఒకడి నుంచి ఇంకొకడు అందుకుంటూనే ఉంటాడు. అందుకోవడంలో ఉంది కిటుకు, తల ఎటు వంచాలంటే...

పోస్టు డబ్బా తీసేవాడి బండి వీధి చివర కనబడుతోంది. చెప్పులు కూడా దొరకడం లేదు. కిటుకు మళ్ళీ రాస్తాను. పిన్నిగారికి నమస్కారాలు, తిరపతిగాడికి ఒక మొట్టికాయ.

నీ
గోపి